ఆరు చుక్కల పంతులుగారు

ఫిబ్రవరి వెళ్లి మార్చి వచ్చిందంటే గుంటూరులో గాలి కూడా ఘాటుగానే ఉంటుంది. వీధి చివర మిల్లులో కారం పడుతుంటే ఇక్కడ మా నాలుగిళ్లవాళ్లం తుమ్ముతూనే ఉంటాం. ఆ రోజుల్లోనే ప్రత్తిపాడు వైపునుంచి ఒకావిడ మా ఇంటికి ఏడాది కారానికి సరిపడా ఎండుమిరపకాయలు తెస్తుంది. వాళ్లకి ఎకరం సొంతం, రెండెకరాలు కౌలు. యార్డుకి వేయవలసింది వేసి, మంచి కాయ కొంత ఇలా తెలిసిన ఇళ్లకి ఇస్తుంటారు. నన్ను అక్కా అని పిలుస్తుంది.

ఈసారి తన ఏడేళ్ల కూతుర్ని వెంటబెట్టుకొచ్చింది. ఆ పిల్లకి పుట్టుకతోనే చూపు లేదు. వాళ్లమ్మ తూకం వేస్తుంటే పిల్ల వరండాలో బాసింపట్టు వేసుక్కూర్చుని కాయలకి తొడిమలు తీయడం మొదలుపెట్టింది. కాయ ఎటు తిరిగి ఉందో ఒక్కసారి తడిమి, తొడిమ పట్టుకుని, గింజ రాలకుండా తుంచేస్తోంది. పక్కనే కూర్చుని నేనూ తీస్తున్నాను. కళ్లున్న నా కుప్పకంటే దాని కుప్పే ముందు పెరిగింది.

వెళ్లేముందు ఆవిడ నన్నొక మాట అడిగింది. పిల్లని ఊళ్లో బడిలో కూర్చోబెడుతున్నారట. పాఠం వింటుందిట, పద్యాలు ఒప్పజెప్తుందిట. రాయడం మాత్రం లేదు. చూపులేని పిల్లలకి చుక్కలతో చదువు చెప్పే హాస్టలు బడులున్నాయి, అక్కడ చేర్చమని ఒకరు చెప్పారట. ఇంత చిన్నపిల్లని దూరం పంపడమెందుకు, ఇప్పుడు ఫోనే అన్నీ చదివి వినిపిస్తోంది, ఆ చుక్కలెవరికి కావాలని మరొకరు అన్నారట. చదువుకున్నదానివి, ఏది మంచిదో నువ్వు చెప్పక్కా అని నా ముఖంలోకి చూసింది.

నాకు వెంటనే నోరు పెగల్లేదు. మిగతా డబ్బుకి ఆదివారం వస్తావుగా, అప్పుడు చెప్తానని పంపించాను. ఆ రాత్రి చిల్లర డబ్బా సర్దుతుంటే ఒక రెండు రూపాయల నాణెం చేతికొచ్చింది. 2009లో మన ప్రభుత్వం విడుదల చేసిన నాణెం అది. మీ పోపులపెట్టెలోనో, దేవుడి హుండీలోనో కూడా ఒకటి ఉండే ఉంటుంది, వెతికి చూడండి. దానిమీద ఒక మనిషి బొమ్మ ఉంటుంది. ఆయన రాజూ కాదు, మంత్రీ కాదు. ఒక బడిపంతులు. పేరు లూయీ బ్రెయిలీ. ఆయన పుట్టి రెండువందల ఏళ్లయిన సందర్భంగా వేసిన నాణెం.

ఆవిడ అడిగినదానికి జవాబు నా దగ్గర లేదు కానీ, ఆయన జీవితంలో ఉందనిపించింది. ఆదివారం ఆవిడకి చెప్పిన ఆ కథే మీకూ చెప్తున్నాను.

తోలు కుట్టే ఇంట్లో

ఫ్రాన్సు దేశంలో పారిస్ నగరానికి నలభై కిలోమీటర్ల దూరంలో కూవ్రే అనే పల్లె ఉంది. మనకి గుంటూరుకీ చిలకలూరిపేటకీ ఉన్నంత దూరం. అక్కడ 1809 జనవరి 4న లూయీ పుట్టాడు. నలుగురు పిల్లల్లో కడగొట్టువాడు. తండ్రి సిమోన్ రెనే గుర్రాలకి జీనులూ కళ్లేలూ కుట్టేవాడు. తల్లి పేరు మోనిక్. కలవారు కాకపోయినా తిండికీ బట్టకీ లోటులేని ఇల్లు.

లూయీకి మూడేళ్లప్పుడు, 1812లో, తండ్రి పనిచేసుకునే గదిలోకి దూరాడు. ఏ ఇంట్లో పిల్లలైనా పెద్దవాళ్లు ఏం చేస్తే అదే చెయ్యాలని చూస్తారు కదా. తోలుకి బెజ్జాలు పెట్టే ఆర తీసుకుని తనూ ఓ తోలుముక్కకి గుచ్చబోయాడు. పట్టు జారి ఆ ఆర కంట్లో గుచ్చుకుంది.

ఆ రోజుల్లో చీము పట్టకుండా ఆపే మందులు లేవు. గాయమైన కన్ను పోవడమే కాదు, బాగున్న రెండోదీ క్రమంగా చూపు కోల్పోయింది. ఒక కంటికి లోతుగా దెబ్బ తగిలితే, ఒంట్లోని రోగనిరోధక శక్తే పొరపాటున రెండో కంటిమీద కూడా దాడి చేసే జబ్బు ఒకటుందని ఇప్పటి వైద్యం చెప్తోంది. లూయీకి జరిగింది అదే కావచ్చు. అయిదేళ్లు వచ్చేసరికి పిల్లవాడికి లోకం పూర్తిగా చీకటైపోయింది.

ఆ తల్లి ఎంత కుమిలిపోయి ఉంటుందో మనకి ఎవరూ చెప్పనక్కర్లేదు. కూరగాయలు తరుగుతూ కత్తిపీట వదిలి తలుపు తియ్యడానికి లేచి, మళ్లీ గుండె గుభిల్లుమని వెనక్కి పరిగెత్తని వాళ్లం మనలో ఎవరున్నారు?

అయితే ఆ దంపతులు పిల్లవాణ్ని మూలన కూర్చోబెట్టలేదు. ఆ కాలంలో యూరప్‌లో చూపులేని పేదపిల్లలకి బిచ్చమెత్తుకోవడమే గతి. సిమోన్ రెనే మాత్రం కొడుక్కి చేతికర్ర చేసిచ్చి ఊళ్లో తిరగడం అలవాటు చేశాడు. చెక్కమీద మేకులు అక్షరాల ఆకారంలో కొట్టి, వేళ్లతో తడిమించి అక్షరాలు నేర్పాడని చెప్తారు. ఊరి చర్చి ఫాదరు పల్లుయీ పిల్లవాడి చురుకుదనం చూసి తను కొంత చదువు చెప్పి, తరవాత ఊరి బడిలో చేర్పించాడు. లూయీ ఏకసంథాగ్రాహి. విన్నది విన్నట్టు అప్పజెప్పేవాడు. కానీ తోటిపిల్లలు పుస్తకాలు తీసి చదువుకునేటప్పుడు, పలకలమీద రాసుకునేటప్పుడు, ఊరికే కూర్చునేవాడు.

ఇక్కడిదాకా చెప్పేసరికి మా మిరపకాయలావిడ కూతురివైపు చూసింది. నేను ఆగలేదు.

పారిస్ బడి

పారిస్‌లో చూపులేని పిల్లలకోసం ఒక బడి ఉంది. 1785లో వాలెంటిన్ అయూయీ అనే ఆయన పెట్టిన బడి అది. అలాంటి పిల్లలకి చదువు చెప్పచ్చని లోకానికి చూపించిన మొదటి బడుల్లో అదొకటి. ఊరి జమీందారు చేత సిఫారసు ఉత్తరం రాయించి, 1819 ఫిబ్రవరిలో పదేళ్ల లూయీని అక్కడ చేర్పించారు. పంపాలా వద్దా అని ఆ ఇంట్లోనూ ఎన్ని రాత్రులు మాట్లాడుకుని ఉంటారో! నలభై కిలోమీటర్లంటే గుర్రబ్బండి మీద సగంరోజు ప్రయాణం. పైగా ఆ బడి ఉన్నది పాత భవనంలో. చెమ్మ, ఇరుకు, అరకొర తిండి. తరవాత లూయీ ప్రాణం తీసిన క్షయ అక్కడే పట్టుకుందని అంటారు.

ఆ బడిలో చదువుకి ఒక సాధనం ఉండేది. ఇప్పటి మాటల్లో చెప్పాలంటే అప్పటి టెక్నాలజీ అన్నమాట. తడిపిన మందపాటి కాగితాన్ని పెద్దపెద్ద అచ్చు అక్షరాలమీద నొక్కితే అక్షరం కాగితంమీద ఉబ్బెత్తుగా తేలుతుంది. పిల్లలు దాన్ని వేలితో తడిమి చదవాలి. వినడానికి బాగానే ఉంది. కానీ ఒక్కో అక్షరం చుట్టూ వేలు తిప్పి, అదేమిటో పోల్చుకుని, తరవాతి అక్షరానికి వెళ్లేలోపు మొదటిది మరిచిపోయేవారు. పుస్తకాలు పెద్ద పెద్ద బండరాళ్లంత బరువు. వాటిని తయారుచెయ్యడం ఖరీదు కాబట్టి బడి మొత్తానికి ఉన్నవి కొద్దిపాటి పుస్తకాలే. అన్నిటికంటే పెద్ద లోటు, ఆ పద్ధతిలో పిల్లలు చదవాలే గానీ సొంతంగా ఒక్క ముక్క రాసుకోలేరు.

అంత కష్టమైన పద్ధతిని ఎందుకు పెట్టుకున్నారంటే, అది కళ్లున్న పంతుళ్లకి సులువు. పిల్లవాడు ఏం చదువుతున్నాడో వాళ్లకి చూడగానే తెలుస్తుంది. అందరూ చదివే లిపే కదా, చూపులేనివాళ్లకి వేరే లిపి పెడితే వాళ్లు లోకంనుంచి విడిపోతారని కూడా వాదించేవారు. మంచి మనసుతోనే అనేవారు. అయితే ఆ అక్షరాలు కంటికోసం పుట్టినవి. వేలికి అవి ఎలా తగులుతాయన్నది ఎవరూ పిల్లల్ని అడగలేదు.

పన్నెండు చుక్కల్లోంచి ఆరు

1821లో షార్ల్ బార్బియే అనే మాజీ సైనికాధికారి తను కనిపెట్టిన ఒక పద్ధతిని ఆ బడికి తెచ్చాడు. గీతలు లేవు, వంపులు లేవు. కాగితంమీద వెనకనుంచి సూదితో పొడిచిన చుక్కలు మాత్రమే. నిలువుగా రెండు వరుసలు, ఒక్కో వరుసలో ఆరేసి దాకా చుక్కలు. పిల్లల వేళ్లకి ఆ చుక్కలు వెంటనే తెలిశాయి. రాయడానికి ఒక పలకా, పొడవడానికి ఒక సూదీ ఇచ్చాడు. మొట్టమొదటిసారి ఆ పిల్లలు తమంత తాము రాసుకోగలిగారు.

అందులో లోపాలూ ఉన్నాయి. పన్నెండు చుక్కలంటే వేలికొసకింద పట్టవు. ఒక్కో గుర్తు తెలియాలంటే వేలిని పైకీ కిందికీ జరపాలి. పైగా అది మాట ఎలా పలుకుతుందో అలా రాసే పద్ధతి. ఫ్రెంచి భాషలో పలికేదొకటి, రాసేదొకటి. అలా రాస్తే పిల్లలకి వర్ణక్రమం ఎప్పటికీ రాదు. అంకెలు లేవు, కామాలు లేవు, సంగీత స్వరాలు రాసే వీలు లేదు.

పన్నెండేళ్ల లూయీ ఈ పద్ధతిని పట్టుకున్నాడు. పగలు పాఠాలు, రాత్రిపూట తోటివాళ్లంతా పడుకున్నాక పలకా సూదీ. సెలవులకి ఊరెళ్లినా అదే పని. మూడేళ్లు పట్టింది. 1824 నాటికి, అంటే పదిహేనేళ్ల వయసులో, తన లిపికి ఒక రూపం తెచ్చాడు.

అదెలా ఉంటుందో మనకి తేలిగ్గానే అర్థమవుతుంది, ఎందుకంటే మనం చుక్కల ముగ్గులు పెట్టినవాళ్లం. మూడు వరుసలు, వరుసకి రెండేసి చుక్కలు. మొత్తం ఆరు. ఎడమ పక్కవి పైనుంచి కిందికి ఒకటి, రెండు, మూడు. కుడి పక్కవి నాలుగు, అయిదు, ఆరు. ఈ ఆరింటిలో కొన్ని ఉబ్బెత్తుగా ఉంటాయి, కొన్ని ఉండవు. అలా 63 రకాల గుర్తులు వస్తాయి. అక్షరాలకీ, అంకెలకీ, విరామ చిహ్నాలకీ, సంగీతానికీ అవి చాలు. అన్నిటికీ మించి ఆ ఆరు చుక్కలూ ఒక్క వేలికొసకింద ఇమిడిపోతాయి. వేలు జరపకుండానే అక్షరం తెలుస్తుంది. ఈ ఉపాయం కళ్లున్నవాళ్లకి తట్టకపోవడంలో వింత లేదు. దాన్ని కనిపెట్టవలసింది వేలే.

ఇంకొక సంగతి తలుచుకుంటే నాకు ఒళ్లు జలదరిస్తుంది. ఆ చుక్కలు పొడిచే సూది ఎలా ఉంటుందో చూశారా? పొట్టి పిడి, సన్నటి మొన. తండ్రి గదిలో తన కంట్లో గుచ్చుకున్న ఆరకి అది చెల్లెలు లాంటిది.

బడిలోనే పంతులై

లూయీ ఆ బడిలోనే చదువు ముగించి, అక్కడే సహాయ ఉపాధ్యాయుడయ్యాడు. 1829లో, ఇరవయ్యేళ్ల వయసులో, తన పద్ధతిని వివరిస్తూ పుస్తకం తెచ్చాడు. విచిత్రమేమిటంటే దాన్ని అచ్చువేసింది ఆ పాత ఉబ్బెత్తు అక్షరాలతోనే. అందులో చుక్కలతో పాటు కొన్ని గీతలు కూడా ఉండేవి. గీతలు రాయడం పిల్లలకి కష్టమవుతోందని 1837 కూర్పులో వాటిని తీసేశాడు. పిల్లలు వాడేదాన్ని చూసి దిద్దుకోవడం ఆయన పద్ధతి.

1833లో పూర్తిస్థాయి ఉపాధ్యాయుడయ్యాడు. చరిత్ర, లెక్కలు, సంగీతం చెప్పేవారు. పారిస్ చర్చిల్లో ఆర్గన్ వాయించేవారు. కేకలెయ్యడం, కొట్టడం ఎరగని పంతులుగారని పేరు. పిల్లలంతా ఆయన చుక్కల్లోనే నోట్సు రాసుకునేవారు, ఉత్తరాలు రాసుకునేవారు. కానీ బడి మాత్రం దాన్ని తన లిపిగా ఒప్పుకోలేదు.

1840లో బడికి పెద్దగా వచ్చిన ద్యుఫో అసలే పడనివ్వలేదు. ఉబ్బెత్తు అక్షరాలనే కొంచెం మార్చి మళ్లీ పెట్టాడు. చుక్కలతో రాయకూడదన్నాడు. పంతుళ్లకి అర్థంకాని లిపి పిల్లలకెందుకన్నది ఆయన ఆలోచన. పైగా అది వస్తే, చూపులేనివాళ్లే చూపులేనివాళ్లకి పాఠం చెప్పగలరు. కళ్లున్న పంతుళ్ల ఉద్యోగాలేం కాను?

పిల్లలు ఊరుకోలేదు. దొంగచాటుగా రాసుకున్నారు, పెద్దపిల్లలు చిన్నపిల్లలకి నేర్పారు. సూదులు దొరక్కపోతే చేతికందిన మొనదేలిన వస్తువుతో పొడుచుకున్నారని చెప్తారు. చివరికి గ్వాదే అనే సహాయకుడు ఇదంతా గమనించి, పిల్లలు ఇంత మొండిగా పట్టుకున్నారంటే ఇందులో ఏదో ఉందని ద్యుఫోకి నచ్చజెప్పాడు. 1844 ఫిబ్రవరిలో బడి కొత్త భవనం ప్రారంభోత్సవం రోజున, వచ్చిన పెద్దమనుషుల ఎదుట ఆ లిపిని ప్రదర్శించారు. ఒక పిల్ల చెప్పింది చుక్కల్లో రాసుకుంది. గది బయట ఉన్న మరో పిల్లని పిలిస్తే వచ్చి, వేళ్లతో తడిమి గడగడా చదివేసింది. సభలో ఉన్నవాళ్లకి వేరే రుజువు అక్కర్లేకపోయింది.

ఇంటికి ఉత్తరం

ఆయన చేసిన మరో పని గురించి చాలామందికి తెలియదు. తల్లుల్ని ఉద్దేశించి చేసిన పనా అనిపిస్తుంది నాకు.

చుక్కల లిపి వచ్చాక పిల్లలు ఒకరికొకరు రాసుకోగలిగారు. కానీ ఊళ్లో ఉన్న అమ్మానాన్నలకి చుక్కలు రావు కదా. ఇంటికి ఉత్తరం రాయాలంటే కళ్లున్న ఎవరో ఒకరికి చెప్పి రాయించుకోవాలి. మనసులో మాట మూడో మనిషి చెవిన పడకుండా అమ్మకి చేరే దారి లేదు. దీనికోసం 1839లో బ్రెయిలీ మరో పద్ధతి తయారుచేశారు. మామూలు అక్షరాల రూపాన్నే దగ్గరదగ్గర చుక్కలతో పొడిచి రాయడం. వేలికీ తెలుస్తుంది, కంటికీ తెలుస్తుంది. అయితే చేత్తో అలా రాయడం చాలా ఆలస్యం. అదే బడిలో చదువుకున్న, తనలాగే చూపులేని ఫూకో అనే మిత్రుడు దానికోసం ఒక యంత్రం తయారుచేశాడు. అక్షరాలు అచ్చుకొట్టే యంత్రాలు లోకంలో వాడుకలోకి రావడానికి ముందే, 1840లలో, చూపులేని ఇద్దరు స్నేహితులు ఇంటికి ఉత్తరాలు రాసుకునే యంత్రం చేసుకున్నారన్నమాట.

ఈ ముక్క చెప్పినప్పుడు మా ఆవిడ కొంగుతో ముఖం తుడుచుకుంది. మిరపకాయల ఘాటు అనే అంది.

వెళ్లిపోయాక

బ్రెయిలీ ఆరోగ్యం ఎన్నడూ సరిగ్గా లేదు. ఇరవయ్యారేళ్లకే క్షయ బయటపడింది. కొన్నాళ్లు పాఠాలు, కొన్నాళ్లు పడక. 1852 జనవరి 6న, నలభై మూడో పుట్టినరోజు గడిచిన రెండో రోజున, కన్నుమూశారు. పెళ్లి చేసుకోలేదు. ఉన్నదంతా తల్లికీ, బంధువులకీ, స్నేహితులకీ, బడికీ రాశారు. ఒక చిన్న పెట్టె మాత్రం తెరవకుండా కాల్చెయ్యమన్నారు. ఉండబట్టలేక తెరిచి చూస్తే అందులో ఉన్నవి విద్యార్థులు రాసిచ్చిన అప్పు చీట్లు. వాళ్లెవరూ తనకి బాకీ ఉండకూడదన్నది ఆయన కోరిక.

తన లిపిని ప్రభుత్వం ఒప్పుకోవడం ఆయన చూడలేదు. చనిపోయిన రెండేళ్లకి, 1854లో, ఫ్రాన్సు దాన్ని అంగీకరించింది. 1878లో పారిస్‌లో జరిగిన అంతర్జాతీయ సభ ఇతర దేశాలకీ దీన్నే సిఫారసు చేసింది. సరిగ్గా నూరేళ్లకి, 1952లో, ఆయన అస్థికల్ని సొంత ఊరినుంచి తీసి, దేశంలోని మహానుభావులుండే పాంథియోన్‌కి తరలించారు. చేతుల్ని మాత్రం కూవ్రే గ్రామస్థులు తమ దగ్గరే ఉంచుకున్నారు. ఆ చేతులు ఆ ఊరివే కదా మరి!

మన అక్షరాల్లోకి

మన దేశంలో చూపులేని పిల్లలకి మొదటి బడి 1887లో అమృత్‌సర్‌లో వచ్చింది. చుక్కల లిపి కూడా వచ్చింది కానీ, ఒక్కోచోట ఒక్కో రకంగా రాసేవారు. ఒక బడిలో నేర్చుకున్నవాడు మరో బడి పుస్తకం చదవలేడు. స్వాతంత్ర్యం వచ్చాక, 1951లో, భారతీయ భాషలన్నిటికీ కలిపి భారతి బ్రెయిలీ అని ఒకటే ఏర్పాటు జరిగింది. తెలుగు క కీ, హిందీ క కీ, తమిళ క కీ ఒకటే గుర్తు.

మన లిపిలో గుణింతాలకి అక్షరం రూపమే మారుతుంది కదా. చుక్కల్లో ఆ గొడవ లేదు. క అంటే ఒకటి, మూడు చుక్కలు. కి రాయాలంటే క పక్కన ఇ గుర్తు పెడితే సరి. ప కి ఒకటి, రెండు, మూడు, నాలుగు. ల కి ఒకటి, రెండు, మూడు. పలక అని రాయాలంటే మూడే గుర్తులు. కాగితం వెనకనుంచి పొడుస్తాం కాబట్టి కుడినుంచి ఎడమకి రాసి, తిప్పి ఎడమనుంచి కుడికి చదువుకోవాలి.

మరి ఫోను మాటేమిటి?

ఇప్పుడు మళ్లీ మా ఆవిడ ప్రశ్న దగ్గరికి వద్దాం. ఇవాళ ఫోను తెరమీది మాటలు చదివి వినిపిస్తుంది. కంప్యూటరూ అంతే. పాఠాలు రికార్డు చేసుకుని ఎన్నిసార్లైనా వినచ్చు. అది తక్కువ సాయమేమీ కాదు. మచిలీపట్నం దగ్గరి సీతారామపురంలో పుట్టిన బొల్లా శ్రీకాంత్ సంగతి మీకు తెలిసే ఉంటుంది. చూపులేనివాళ్లకి ఇంటర్‌లో సైన్సు గ్రూపు ఇవ్వమంటే కోర్టుకెళ్లి సాధించుకున్నాడు. పాఠ్యపుస్తకాలన్నీ ఆడియోగా మార్చుకుని విని, 98 శాతం మార్కులు తెచ్చుకున్నాడు. అమెరికాలో ఎంఐటీలో చదివి, తిరిగొచ్చి 2012లో హైదరాబాదులో పరిశ్రమ పెట్టాడు. 2024లో ఆయన కథ హిందీలో సినిమాగా కూడా వచ్చింది.

కాబట్టి వినే సాధనం కావాలి. అయితే అది ఒక్కటే చాలదని నా అభిప్రాయం. వింటే కథ తెలుస్తుంది. ల ఎక్కడో ళ ఎక్కడో, న ఎక్కడో ణ ఎక్కడో, ఏ అక్షరానికి ఏ ఒత్తో వింటే తెలియదు. లెక్క చెయ్యాలంటే పై అంకె కింద అంకె వెయ్యాలి. అది చెవితో అయ్యే పని కాదు. మన కళ్లున్న పిల్లలకి ఫోనులో కథలు వినిపిస్తున్నాం కదా అని పలక మాన్పించామా? చూపులేని పిల్లకి మాత్రం వింటే చాల్లే అని ఎందుకనుకుంటాం? పైగా ఫోను చెప్పేది ఎవరో రాసింది. ఈ పిల్ల తన మాట తను రాయడం ఎప్పుడు?

ఇప్పుడు రెండూ కలిసే వస్తున్నాయి. కంప్యూటరుకి తగిలిస్తే తెరమీది అక్షరాలకి తగ్గట్టు సన్నటి పిన్నులు పైకి లేచి చుక్కలయ్యే పరికరాలున్నాయి. వేలితో తడిమి చదువుకోవచ్చు. వాటి ఖరీదు ఎక్కువే. కానీ పలకా సూదీ ఖరీదు కాదు, కరెంటు అడగదు, ఛార్జింగు అయిపోదు.

చట్టం కూడా తల్లుల పక్షాన ఉంది. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం ప్రకారం నలభై శాతం, అంతకుమించి వైకల్యం ఉన్న పిల్లలకి ఆరునుంచి పద్దెనిమిదేళ్ల దాకా చదువు ఉచితం. దగ్గర్లోని మామూలు బడా, ప్రత్యేక బడా అన్నది ఎంచుకునే హక్కు వాళ్లదే. పుస్తకాలూ, తగిన పరికరాలూ కూడా ఉచితంగా ఇవ్వాలి. మన రాష్ట్రంలో సమగ్ర శిక్ష కింద మండలాల్లో భవిత కేంద్రాలు ఈ పిల్లలకోసమే ఉన్నాయి. అక్కడ ప్రత్యేకంగా శిక్షణ పొందిన టీచర్లుంటారు. ముందు వాళ్లని కలిసి అడగడం మంచిదని చెప్పాను.

హాస్టలుకి పంపాలో వద్దో నేను చెప్పలేదు. ఆ నిర్ణయం నాది కాదు. పంపినా పంపకపోయినా, ఆ పిల్ల వేళ్లకి అక్షరం అందాలని మాత్రం గట్టిగా చెప్పాను. ఏ పరికరం తెచ్చినా, అది చెప్పేవాళ్లకి సులువా అని కాదు, దాని చేతిలో ఎలా ఉందో దాన్నే అడగమన్నాను. పారిస్ బడిలో అరవయ్యేళ్ల దాకా అడగని ప్రశ్న అదే.

చివర్లో ఒక తమాషా జరిగింది. కథంతా చెప్పాక ఉత్సాహం ఆగక, పాత పెళ్లి శుభలేఖ ఒకటి తెచ్చి, దిండుమీద పెట్టి, గోనెసంచులు కుట్టే దబ్బనంతో వెనకనుంచి పలక అని పొడిచాను. తిప్పి చూసుకుంటే నాలిక కరుచుకున్నాను. ఎడమనుంచి కుడికి పొడిచేశాను! పలక కాస్తా కలప అయి కూర్చుంది, అక్షరాలు కూడా అద్దంలో చూసినట్టు తిరగబడ్డాయి. కుడినుంచి ఎడమకని ఇంత వివరంగా చెప్పినదాన్ని, తీరా చేతికొచ్చేసరికి నా కంటికి అలవాటైన దారినే పోయాను.

మళ్లీ మొదలుపెట్టి సరిగ్గా పొడిచి పిల్ల చేతికిచ్చాను. మిరపకాయ తొడిమ వెతికినట్టే చూపుడువేలితో మెల్లగా తడిమింది. మొదటిదాంట్లో నాలుగున్నాయంది. తరవాతదాంట్లో మూడు. ఆఖరిదాంట్లో రెండు. నేనేమీ చెప్పకుండానే లెక్కపెట్టేసింది. ఇదేంటి పెద్దమ్మా అని అడిగింది. పలక అని చెప్పాను. ఆ శుభలేఖని మడవకుండా లంగా జేబులో పెట్టుకోబోయి, పట్టక, చేత్తోనే పట్టుకుని బస్సెక్కింది.

కోతలవ్వగానే, బడులు తెరిచేలోపు భవిత కేంద్రానికి వెళ్దామని అనుకున్నాం. తోడు నేనూ వెళ్తున్నాను. ఈసారి అక్కడి టీచరుగారి దగ్గర నేనుకూడా సూది పట్టడం సరిగ్గా నేర్చుకోవాలి.